ఆకాశంలో ట్రాఫిక్ జామ్.. ముందు దిగేది ఏ విమానం? స్లాట్ల లెక్క ఇదీ!

వాతావరణం బాగాలేదంటూ ఓ విమానాన్ని గంటసేపు ఆపేస్తారు. అదే ఊరికి వెళ్లే మరో ఎయిర్‌లైన్ విమానం మాత్రం ఎగిరిపోతుంది. ఇందులో పక్షపాతం ఉందా అంటే.. కాదు, దీని వెనుక ఓ పక్కా లెక్క ఉంది. అమెరికాలో 1998లో ప్రయోగాత్మకంగా మొదలైన విధానమిది.

గంటకు 60 కాస్తా 30

ఉదాహరణకు శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్. అక్కడ పక్కపక్కనున్న రెండు రన్‌వేల మధ్య దూరం 750 అడుగులే. అప్పట్లో ఆకాశం తేటగా ఉంటే జంటగా దిగుతూ గంటకు సుమారు 60 విమానాలు వచ్చేవి. మబ్బులు కమ్మితే పక్క విమానం కనిపించదు. ఒకే వరుసలో రావాలి. దాంతో సంఖ్య 30కి పడిపోయేది. మిగతా వాటిని గాల్లో చక్కర్లు కొట్టించే బదులు, బయల్దేరే చోటే నేలపై ఆపుతారు. ఇంధనం ఆదా అవుతుంది, రిస్క్ తగ్గుతుంది.

నిజం చెబితే నష్టమే!

మరి ఉన్న ఆ కొద్ది స్లాట్లు ఎవరికి? పాత పద్ధతిలో తాజా అంచనా టైమ్‌ను బట్టి క్యూ కట్టేవారు. 'మా ఫ్లైట్ లేటు' అని ముందే చెప్పిన కంపెనీ ఇంకా వెనక్కి పోయేది. రద్దయిందని చెబితే స్లాటే చేజారేది. అందుకే కంపెనీలు నోరు మెదిపేవి కావు. స్లాట్లు ఖాళీగా పోయేవి.

రూల్ ఇలా మారింది

కొత్త రూల్‌లో పంపకం అసలు షెడ్యూల్ ప్రకారమే జరుగుతుంది. ఫ్లైట్ రద్దయినా స్లాట్ ఆ కంపెనీదే. తన మరో విమానానికి వాడుకోవచ్చు. ఒకవేళ కుదరకపోతే?

'ఎ' కంపెనీకి ఉదయం 10 గంటల స్లాట్ ఖాళీ అయిందనుకుందాం. దాని తర్వాతి విమానానికి 10.30 స్లాట్ ఉంది. కానీ అది 10.15 కంటే ముందు చేరలేదు. అప్పుడు 10.16కి దిగాల్సిన 'బి' విమానాన్ని 10కి జరుపుతారు. 10.16 స్లాట్ 'ఎ'కి వస్తుంది. 'బి'కి 16 నిమిషాలు, 'ఎ'కి 14 నిమిషాలు కలిసొచ్చాయి. నిజం చెప్పినా నష్టం లేదు, పైగా లాభం.

అయితే ఓ లోటుంది. రోజుకు ఒకటే ఫ్లైట్ నడిపే చిన్న కంపెనీకి మార్చుకోవడానికి మరో విమానమే ఉండదు. పెద్ద కంపెనీలకే వెసులుబాటు ఎక్కువ.

మన దగ్గర?

తుపాను మేఘాలు దారిని మూసేసినప్పుడు గగనతలానికీ ఇలాంటి పంపకాన్ని అమెరికా 2006 నుంచి వాడుతోంది. మన దేశంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఢిల్లీలో సెంట్రల్ కమాండ్ సెంటర్ ఉంది. రద్దీని బట్టి విమానాలకు టేకాఫ్ టైమ్ లెక్కగట్టి ఇస్తారు. అందుకే ఢిల్లీలో పొగమంచు పడితే శంషాబాద్‌లో విమానం ఆగుతుంది, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే!