సెల్ఫీ కర్ర పుట్టింది ఇంటివాళ్ల కోసం

2014 మార్చి 2 రాత్రి. లాస్‌ఏంజెలిస్‌లో ఆస్కార్ వేడుక జరుగుతోంది. టీవీ హాస్యనటి ఎలెన్ డిజెనరస్ వ్యాఖ్యాత. అప్పటికి 18 నామినేషన్ల రికార్డున్న మెరిల్ స్ట్రీప్‌ దగ్గరికెళ్లి, ఇంకో రికార్డు కొడదాం, సెల్ఫీ దిగుదామంది. జూలియా రాబర్ట్స్, బ్రాడ్ పిట్, జెన్నిఫర్ లారెన్స్ ఒకరి మీదొకరు పడుతూ ఫ్రేములో దూరారు. అందరూ పట్టేలా ఫోన్ పట్టుకోవడానికి ఎలెన్ చెయ్యి చాలలేదు. బ్రాడ్లీ కూపర్ ఫోన్ అందుకుని నొక్కాడు. ఇంతా చేస్తే జారెడ్ లెటో ముఖం సగమే పడింది. ఆ ఫొటో దెబ్బకు ట్విటర్ కాసేపు మొరాయించింది. రీట్వీట్లు 30 లక్షలు దాటాయి. ఫోన్ మాత్రం వేడుకకు ప్రకటనలిచ్చే శామ్‌సంగ్ వారిది.

అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని ఏబీసీ చానెల్ ‘సెల్ఫీ’ అనే కామెడీ సీరియల్ మొదలుపెట్టింది. నాయికకు ఆన్‌లైన్‌లో లెక్కలేనంతమంది అభిమానులు. విమానంలో ఆమెకు వాంతయితే ఆదుకునేవాళ్లు లేరు, వీడియో తీసేవాళ్లే అందరూ. ఏడు ఎపిసోడ్లకే దాన్ని ఆపేశారు.

ఆ ఆస్కార్ రాత్రి కూపర్ చెయ్యి చేసిన పనికి సాధనం అప్పటికి 30 ఏళ్ల కిందటే తయారైంది. చేసినవాడు హిరోషి ఉయెదా, జపాన్‌లోని మినోల్టా కెమెరా కంపెనీ ఇంజనీరు. భార్యతో యూరప్ యాత్రకు వెళ్లినప్పుడు, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం దగ్గర ఇద్దరికీ కలిపి ఫొటో తీయమని ఒక పిల్లాడి చేతికి కెమెరా ఇచ్చాడు. పిల్లాడు కెమెరాతో సహా పరారయ్యాడు.

ఇంకొకరి చేతికి కెమెరా ఇవ్వకుండా ఇద్దరూ ఫొటోలో పడేదెలా? రేడియో ఏరియల్‌లా ఒకదాంట్లోంచి ఒకటి సాగే గొట్టాల కర్ర చేశాడు. దాని చివర కెమెరాను బిగించే మర పెట్టాడు. ముఖాలు ఫ్రేములో ఉన్నాయో లేదో చూసుకోవడానికి కెమెరా ముందువైపు చిన్న అద్దం అమర్చారు. 1983లో మినోల్టా డిస్క్-7 కెమెరాతో అది బజారుకొచ్చింది. కానీ నడవలేదు. డిస్క్ ఫిల్ము నెగటివ్ మరీ చిన్నది, ఫొటో స్పష్టంగా వచ్చేది కాదు. పైగా కంపెనీ వాకబు చేస్తే, తమ ఫొటో తామే తీసుకోవడం సిగ్గుగా ఉందన్నారు ఆడవాళ్లు. ఇవాళ్టి మనకు నమ్మశక్యం కాని మాట ఇది.

1995లో ఈ కర్ర పనికిరాని జపాన్ ఆవిష్కరణల పుస్తకానికెక్కింది. ఉయెదా పేటెంటు గడువు 2003లో తీరిపోయింది. తర్వాత కెనడాకు చెందిన వేన్ ఫ్రామ్ ‘క్విక్ పాడ్’ పేరుతో తన కర్ర తెచ్చాడు. ఆయనకూ ఆ ఆలోచన కూతురితో ఫ్లోరెన్స్ తిరుగుతున్నప్పుడే వచ్చిందట. 2010లో ఐఫోన్ 4కు ముందు కెమెరా వచ్చింది. 2014 వచ్చేసరికి టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో సెల్ఫీ కర్రనూ చేర్చింది. మరుసటేడే డిస్నీ పార్కులు దాన్ని నిషేధించాయి.

కర్ర తెచ్చిన ఇద్దరూ తమవాళ్లతో ఊరు చూడబోయినవాళ్లే. నాకు ముఖ్యంగా తోచేది ఇదే. తారల విందులో మనం లేకపోయినా ఉన్నట్టు కనిపించాలన్న తాపత్రయం తర్వాత వచ్చి చేరింది. ఆ నింద కర్ర మీద వేయడం అన్యాయం. భిలాయిలో, మా సెక్టర్ 2 క్వార్టర్లలో పాత ఆల్బమ్‌లు తిరగేయండి. మైత్రీ బాగ్ జూ ముందు అమ్మా పిల్లలూ కనిపిస్తారు, నాన్న కనిపించడు. కెమెరా ఆయన చేతిలో ఉండేది మరి. ఉక్కు ప్లాంటు కొలువు కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఎన్ని ఇళ్లలో ఆయన ఫొటో అంటే గేట్ పాస్ మీదిదే!

ఉయెదా తీర్చిన కొరత అదే.

అయితే ఈ మధ్య రైలు పట్టాల మీద నిలబడి సెల్ఫీ దిగే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. దేశానికి పట్టాలు చేసిచ్చే ఊళ్లో పుట్టినవాళ్లకు వాటి మీద బండి ఎంత వేగంగా వస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కర్ర కొనిచ్చే అమ్మానాన్నలు ఆ మాట కూడా పిల్లలకు చెప్పండి.