ఇంజను ముట్టిన చెయ్యి

మా నాయిన మోట కుట్టెటోడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో వేరు వేరు జిల్లాలైనయి గానీ, అప్పుడంతా మహబూబ్‌నగరే. వనపర్తి దిక్కు మా ఊళ్లె సేద్యమంతా మోటబావుల కిందనే. తోలు నానబెట్టి, తంగేడు చెక్కతోని పదును జేసి మాదిగోడు మోట కుట్టకుంటే పటేలు మడికి నీళ్లు పారవు. దానికి పైసలియ్యరు. ఏటా కల్లం కాడ కొలిచే మేరనే మా బతుకు. అదీ దూరం నిలబడి పంచె చాపి పట్టుకోవాలె.

1970ల నడుమ పటేలు బావి మీద ఆయిల్ ఇంజను దిగింది. బెల్టు తిరుగుతుంటే, పైపుల నుంచి నీళ్లు దుంకుతుంటే బడి మరిచి చూసెటోణ్ణి. ఒకనాడు ఇంజను ఆగి ఉన్నప్పుడు దాని చక్రం మీద చెయ్యి పెట్టిన. "మైల జేస్తవారా" అని పటేలు కొడుకు ముల్లుగర్రతోని కొట్టిండు. నాయిన కుట్టిన తోలు మోటతోని పారిన మడికి అంటని మైల ఇనుముకు ఎట్లంటిందో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇంజను వెనకనే కరెంటు మోటరు వచ్చింది. మోట మూలబడ్డది, మేర ఆగింది. ఎన్ని ఎకరాలు సాగులకొచ్చినయో రాసేటోళ్లున్నరు. ఆగిన మేర ఎన్ని ఇండ్లకు తాళమేసిందో ఎవరు రాసిండ్రు? 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కట్టకు రాళ్లు మోసిన పాలమూరు లేబర్ తొవ్వనే నాయిన కూడా పట్టిండు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని కాల్వపనికి పోయిండు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టమొచ్చింది. మేస్త్రీ అడ్వాన్సును మాత్రం ఎవ్వరూ వెట్టి అనలే.

నేను ట్రాక్టర్ నేర్చింది జూరాల కాల్వ మట్టిపనిల. బండి కడిగెటోణ్ణి. డ్రైవరుకు జరమొచ్చిననాడు ఆ సీటు మీద కూసున్న. దిగమని ఎవ్వరూ అనలే. ఆ సంబురం అబద్ధం కాదు.

జూరాల నీళ్లతోని వరి పెరిగింది, కోత మిషన్లు దిగినయి. పంజాబు డ్రైవర్ల పక్కన కూసొని అదీ నేర్చిన. పదిమంది ఆడోళ్లు దినమంతా నడుము వంచి కోసే ఎకరం గంట, గంటన్నరల అయిపోతది. కల్లం కూడా అక్కర్లేదు. గద్వాల విత్తన పత్తి చేన్లల్ల మాత్రం పువ్వు పువ్వుకూ పుప్పొడి పూసే పని ఇంకా చేతులదే. అగ్గువకు చేతులు దొరుకుతున్నయి కాబట్టే ఆ పనికి మిషన్ రాలేదని నేననుకుంట.

ఒక యాసంగిల అదే పటేలు మడికి కోతకు పోయిన. నన్ను కొట్టిన చెయ్యే గట్టు మీద గడియారం పట్టుకొని గంటలు లెక్కబెడుతున్నది. మిషన్ నాది కాదు, మడి నాది కాదు. మిషన్ మలగాలంటే మూలలు ముందే చేతుల్తోని కోసి పెట్టాలె. ఆ మూలలు కోసెటానికి వచ్చింది మా అమ్మ. ఊరి ఆడోళ్ల గుంపును కోతకు తోల్కపోయిన మనిషి, ఇప్పుడు ఒక్కతే కొడవలి పట్టుకొని ఉన్నది.

నేను ఇంజను బందు జేసిన.

"ఎందుకాపినవ్ కొడుకా? ఆల్ల గంట పోతది గద" అన్నది. కోసిన పిడికెళ్లు గట్టు మీద పెట్టి ఇంకో మూలకు జరిగింది.