ఎవరి రసీదు?

పడవను తుంగలోకి తొయ్యండి. గెడ చప్పుడు కాకూడదు. ఇది చాద్ సరస్సు, నైజీరియా వైపు ఒడ్డు. 2021 చివరి నెలలు. కాళ్ల దగ్గర పొగబెట్టిన జెల్ల చేపల బస్తాలు. ఆ వాసన మీ చొక్కాకీ చేతులకీ పట్టేసింది. లోపలి జేబులో మడతపెట్టిన చీటీ ఉంది. చేపల మీద కట్టిన పన్నుకు రసీదు. ఇచ్చింది సర్కారు కాదు, ఇస్లామిక్ స్టేట్ పశ్చిమాఫ్రికా విభాగం.

వాళ్లు ఆపితే చీటీ మిమ్మల్ని కాపాడుతుంది. సైనికులకు దొరికితే మాత్రం మీరు జిహాదీలకు డబ్బిచ్చే మనిషి.

అటునుంచి ఇంజను మోత. ఎవరు?

ఒకప్పుడు ఈ అడ్డాలో ఒక్క పేరే వినబడేది, బోకో హరామ్. మైదుగురి నగరంలో దాన్ని మొదలుపెట్టిన మహమ్మద్ యూసుఫ్ లంచగొండి అధికారుల్ని తిడుతుంటే మీ ఈడు కుర్రాళ్లు తలలూపారు. 2009 జూలైలో పోలీసుల అదుపులో ఉండగానే ఆయన్ని చంపారు. దాంతో పీడ విరగడవుతుందని ఎవరు లెక్కగట్టారో గాని, తర్వాత వచ్చినవాడు అబూబకర్ షెకావు. చిబోక్ బడి నుంచి 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయింది వాడి మనుషులే. 2015 జనవరిలో మీ బగా ఊరు తగలబడింది. ఈ నీళ్ల మీదే పారిపోయారు మీరు. మార్చిలో షెకావు ఇస్లామిక్ స్టేట్‌కు విధేయత ప్రకటించాడు. మరుసటేడు ఆగస్టులో వాళ్లే వాణ్ని పక్కకు నెట్టి, యూసుఫ్ కొడుకు అబూ ముసబ్ అల్-బర్నావీని తమ పశ్చిమాఫ్రికా విభాగానికి నాయకుణ్ని చేశారు. మొన్న మేలో ఆ వర్గం సాంబిసా అడవిలో షెకావును చుట్టుముట్టింది. లొంగకుండా తనను తానే పేల్చుకున్నాడు.

వాడి మనుషులు కొందరు సర్కారుకు లొంగారు. కొందరు గెలిచినవాళ్లలో కలిశారు. కలవనివాళ్లు బకూరా అనే నాయకుడి వెంట ఈ దీవుల్లోనే ఉన్నారు. వాళ్ల కంటికి మీ జేబులోది శత్రువు చీటీ.

మోత దగ్గరైంది. టార్చి వెలుగు తుంగను దువ్వుతోంది.

"చిన్నాన్నా, ఎవరు?" గెడ పట్టుకున్న మీ అన్న కొడుకు గొంతు వణుకుతోంది.

తెలీదు. యూనిఫాం చూసి పోల్చలేరు. దొంగిలించిన సైనిక దుస్తులు అందరి దగ్గరా ఉన్నాయి.

నీళ్లలో పారేస్తే? తేలుతుంది.

మింగండి. ఇప్పుడే.

కాగితం గొంతుకు అడ్డం పడింది. దిగింది. తుపాకీ గొట్టం పడవ అంచుకు ఆనింది.

"రసీదు ఏదీ?"

వాళ్లే. చీటీ ఇచ్చినవాళ్లే.

"పోయింది" అనండి. బస్తా మూతి విప్పండి. ఎన్ని తీసుకుంటారో వాళ్లనే చెప్పనివ్వండి.