ధ్వని వలయం

విన్న శబ్దాన్ని మెదడు కొద్ది క్షణాలపాటు చెదరకుండా పట్టి ఉంచే ఏర్పాటును మనోవిజ్ఞానంలో ధ్వని వలయం అంటారు. చేస్తున్న పనికి కావలసినంతసేపే విషయాన్ని నిలిపే వర్కింగ్ మెమరీలో ఇది ఒక భాగం. ఓటీపీ చూసి, టైపు చేసేదాకా దాన్ని పెదవుల మధ్య గొణుక్కునేటప్పుడు పనిచేసేది ఇదే.

దీని చరిత్ర లెక్కలతో మొదలైంది. 1887లో ఇంగ్లండులో జోసెఫ్ జేకబ్స్, ఒక్కసారి విన్న అంకెల్లో ఎన్నింటిని వరుస తప్పకుండా తిరిగి చెప్పగలరో బడిపిల్లల మీద పరీక్షించాడు. 1956లో అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఆ పరిమితి ఏడుకు కాస్త అటూ ఇటూగా ఉంటుందన్నాడు. ఎన్ని నిలుస్తాయో తెలిసింది కానీ, అవి ఏ రూపంలో నిలుస్తాయో తెలియలేదు.

ఆ గుట్టు విప్పింది కేంబ్రిడ్జిలో పనిచేసిన ఆర్. కాన్రాడ్. 1964లో అతను ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్కటిగా చూపించి, వరుసగా రాయమన్నాడు. అక్షరాలను కళ్లతోనే చూసినా, జనం చేసిన తప్పులు మాత్రం చెవి చేసే తప్పులు: ‘వి’ చూసినవారు ‘బి’ అని, ‘ఎస్’ చూసినవారు ‘ఎఫ్’ అని రాశారు. ఆ జంటలకు పోలిక ఆకారంలో లేదు, పలుకులో ఉంది. అంటే చదివినదాన్ని సైతం మెదడు ధ్వనిగా మార్చుకునే దాచుకుంటోంది. కాగితం, కలం తప్ప పెద్దగా ఏమీ అక్కర్లేని ఈ ప్రయోగం ఈ రంగంలో అన్నిటికన్నా అందమైనది.

1974లో అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ వర్కింగ్ మెమరీ నమూనాను ప్రతిపాదించారు. అందులోని ధ్వని వలయానికి రెండు అంగాలున్నాయి. ఒకటి ధ్వనిని కాసేపు నిలుపుకునే లోపలి చెవి, రెండోది అది చెరిగిపోకముందే మళ్లీ పలికే లోపలి గొంతు. మరుసటి ఏడాది బాడ్లీ బృందం పొడవైన మాటల కన్నా పొట్టి మాటలే ఎక్కువ గుర్తుంటాయని చూపింది. మనిషి సుమారు రెండు సెకన్లలో పలకగలిగినన్ని మాటలే నిలుస్తాయన్నమాట. 1980లో వేల్స్‌లో రెండు భాషలూ వచ్చినవారిని పరీక్షిస్తే, పలకడానికి ఎక్కువసేపు పట్టే వెల్ష్ అంకెలు ఇంగ్లిషు అంకెల కన్నా తక్కువ గుర్తున్నాయి. తేడా తెలివిలో కాదు, పలికే వ్యవధిలో ఉంది. మన ‘ఎనిమిది’కి నాలుగు అక్షరాలు, ‘ఎయిట్’ ఒక్క ఊపులో అయిపోతుంది. తెలుగువారి అంకెల జ్ఞాపకాన్ని ఇంగ్లిషువారి లెక్కతో తూచేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

మెదడు దెబ్బతిన్నవారి నుంచి తెలిసింది ఇంకా లోతైనది. లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ 1969లో కె.ఎఫ్. అనే రోగి గురించి రాశారు. అతను విన్న అంకెల్లో ఒకటి రెండింటికి మించి తిరిగి చెప్పలేడు, అయినా దీర్ఘకాల జ్ఞాపకం చక్కగా ఉంది. పి.వి. అనే ఇటాలియన్ మహిళదీ అలాంటి స్థితే. 1988లో ఆమెకు రష్యన్ మాటలు వినిపించి నేర్పబోతే ఒక్కటీ పట్టుబడలేదు, తెలిసిన ఇటాలియన్ మాటల జంటలను మాత్రం అందరిలాగే నేర్చుకుంది. కొత్త మాట నోటికి రావాలంటే ముందు దాని ధ్వని కాసేపు లోపల నిలవాలి. పసిపిల్లలు మాటలు నేర్చే తీరు అర్థం కావడానికి ఇదొక ముఖ్యమైన ఆధారం.

1993లో పెట్ స్కాన్ల ద్వారా యెరాల్డో పౌలేసు బృందం లోపలి చెవి చేసే నిల్వను మెదడు ఎడమ పార్శ్వ ఖండంలోని ఒక మడతలోనూ, లోపలి గొంతు చేసే పునఃపఠనాన్ని మాట పుట్టించే బ్రోకా ప్రాంతంలోనూ గుర్తించింది. నిల్వకు ప్రత్యేకంగా ఒక గది ఉందన్న భావన తరవాత సడలింది. వినే, పలికే ప్రాంతాలే పరస్పరం సంకేతాలు పంపుకుంటూ ధ్వనిని నిలుపుతాయని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు.

మార్గరెట్ విల్సన్, కారెన్ ఎమోరీ 1997లో అమెరికన్ సంజ్ఞాభాష వాడే బధిరులలోనూ ఇలాంటి వలయాన్నే కనుగొన్నారు. చేతి ఆకారాలు ఒకేలా ఉన్న సంజ్ఞలు వారిని తికమకపెట్టాయి, చేతులకు వేరే కదలిక అప్పగిస్తే జ్ఞాపకం తగ్గింది.