రంగు చూసి పాడే పాట

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు పొద్దున్నే అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డుకు రండి. గేటు దాటకముందే తీపి వాసన ఎదురొస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. నేల మీద దిమ్మలు రాశులుగా పేర్చి ఉన్నాయి. చాలావరకు లేత పసుపువే. ఎక్కడో ఒక రాశి మాత్రం ముదురు గోధుమ రంగులో ఉంది.

వేలం కదిలింది, వర్తకుల వెనకాలే నడవండి. లేత రంగు రాశి దగ్గర పాట చకచకా పైకి పోతుంది. ముదురు రాశి దగ్గరకు వచ్చేసరికి మొదటి మాటే తక్కువగా పడింది. రెండో ఆయన దాని మీద కాస్త పెంచాడంతే. మూడో ఆయన పెదవి విరిచాడు. ఎవరూ ముక్క విరిచి నోట్లో వేసుకోలేదు. ఆ రాశి రైతు తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, పక్కవాడి సరుకు వైపు చూశాడు.

ఆ చూపు ఎక్కడికి దారి తీస్తుందో చూడాలంటే బెల్లం వండే చోటికి వెళ్లాలి. పెద్ద పెనంలో చెరకు రసం కుతకుతలాడుతోంది. కింద పిప్పి మంట. సున్నం వేసి, పైకి తేలిన మడ్డి తీసేశారు. అప్పుడు ఒకతను డబ్బా మూత తీసి తెల్లటి పొడి చల్లాడు. ఘాటుగా గంధకం వాసన. మీ కళ్లముందే పాకం రంగు విరిగి పసుపు తేలింది. అది హైడ్రోస్, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. ఇక్కడ పొడి పడేది మాత్రం చేతి అంచనాతోనే. పైగా ఈ రంగు నిలవదు, నిల్వ ఉంచితే మళ్లీ నల్లబడుతుంది.

"మీ ఇంట్లోకీ ఇదేనా?" అని అడగండి.

"మాకు ఎయ్యకుండా ఏరేగా దింపుకుంటాం బాబూ. బజారుకి అలాగ అట్టుకెల్తే ఎవుడు కొంతాడు? అందరూ ఏత్తన్నారు, నానొక్కడినే మానేత్తే ఏటవుతాది?"

అతనికి తెలియక కాదు, నలుగురితో పాటే పోతున్నాడు. 1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చమని కొందరిని అడిగాడు. ముందే మాట్లాడి పెట్టుకున్న గుంపు కావాలని తప్పు చెప్పింది. కంటికి తేడా స్పష్టంగా కనిపిస్తున్నా, నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా ఆ గుంపుతో కలిశారు. అక్కడ పోయేది పరువే. ఇక్కడ ఏడాది పంట డబ్బు పోతుంది. అందుకే ఈ రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

వర్తకుణ్ణి అడిగితే షాపువాళ్లు రంగే అడుగుతున్నారంటాడు. షాపువాళ్లు గిరాకీల మీదకు తోస్తారు. ఆ గిరాకీలం మనమే. పక్కింటావిడ కొన్న పసుపు ముక్కను చూసి మనమూ అదే చూపిస్తాం. సారా కాచడానికి వాడతారన్న అనుమానంతో నల్ల బెల్లం మీద ఎక్సైజు నిఘా పెట్టడంతో, ముదురు రంగంటే జంకు కూడా తోడైంది. అనకాపల్లిలోనే చెరకు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. రసాయనం లేకుండా బెల్లం వండటం నేర్పగలదు. కానీ కొనేవాళ్ల చూపును అది మార్చలేదు.

ఆష్ ప్రయోగంలో ఇంకో సంగతీ బయటపడింది. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా చాలు, తలూపేవాళ్లు బాగా తగ్గిపోయారు. కాబట్టి ఈసారి కిరాణా కొట్లో "ముదురు రంగు బెల్లం ఇవ్వండి, హైడ్రోస్ వేయనిది" అని అడగండి. మీ వెనక నిలబడ్డవాళ్లకు వినపడేలా అడగండి.