తలకు అర పెన్నీ

1566లో, మొదటి ఎలిజబెత్ రాణి ఏలుబడిలో, ఇంగ్లండ్ పార్లమెంటు ధాన్యాన్ని కాపాడేందుకు ఒక చట్టం చేసింది. పంటకు చేటనుకున్న జంతువులకూ పక్షులకూ జాబితా రాసి, ఒక్కోదాని తలకు ఒక్కో వెల కట్టింది. నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే మోల్ అనే చిన్న జంతువు వెల అర పెన్నీ. చంపి తెచ్చినవాడికి చర్చి పెద్దలు డబ్బిచ్చి పద్దు రాసుకునేవారు. అదే దేశంలో ఇప్పుడు పిల్లి నోట పడ్డ మోల్‌ను అట్టపెట్టెలో పెట్టుకుని వన్యప్రాణుల ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లున్నారు.

తెలుగు నేల మీద మోల్ లేదు. మన ఇళ్లలో తిరిగే చుంచు దానికి దూరపు చుట్టం. యూరప్ మోల్ బరువు నూరు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. దాని నల్లటి బొచ్చు ఎటు నిమిరితే అటు వాలుతుంది కాబట్టి ఇరుకు సొరంగంలో వెనక్కి నడిచినా ఇబ్బంది లేదు. గింజలు తినదు, తిండిలో ఎక్కువ వానపాములే. దొరికినవాటిని తల దగ్గర కొరికి, కదల్లేకుండా చేసి, ప్రాణంతోనే నేలలో దాచుకుంటుంది. రైతుకు కోపం అది తోడిపోసే మట్టి కుప్పల మీద. వాటికి తగిలి కొడవలి మొద్దుబారుతుంది, గడ్డిలో మట్టి కలుస్తుంది.

ఓ రాజు చావుకూ ఆ కుప్పే కారణమని పేరు. 1702లో మూడో విలియం ఎక్కిన గుర్రం మోల్ కుప్ప మీద కాలుపెట్టి తూలింది. కిందపడ్డ రాజుకు మెడ కింది ఎముక విరిగింది. కొద్దివారాల్లో ఆయన కన్నుమూశాడు. ఆయనంటే గిట్టని జాకొబైట్లు ఆ తర్వాత చాలాకాలం ‘నల్ల ముఖమల్ తొడిగిన చిన్న దొర’ పేరు చెప్పుకుని మద్యం గ్లాసులెత్తారు.

మోల్‌ను పట్టడం బతుకుతెరువైంది. ఊరికో, పరగణాకో ఒక మోల్ వేటగాడు ఉండేవాడు. చెక్కతోనో కాల్చిన మట్టితోనో చేసిన గొట్టం, లోపల ఉరి, పైన విల్లులా వంచిన కర్ర: అదీ పాతకాలపు ఉచ్చు. ఫ్రెంచి విప్లవ కాలంలో రాజాస్థానం వదిలి పల్లె చేరిన అన్రీ ల కూర్ అనే ఆయన ఈ విద్యలో ఆరితేరాడు. సొరంగం పొడవునా గడ్డిపరకలు గుచ్చి, ఒక చివర కొమ్ము ఊది మోల్‌ను బెదరగొట్టి, పరకలు పడిపోయే తీరును బట్టి దాని పరుగెంతో లెక్కగట్టాడు.

చచ్చిన మోల్‌కూ గిరాకీ ఉండేది. తోలుతో కోట్లు కుట్టేవారు. పంటినొప్పి రాకుండా దాని పాదాలను జేబులో వేసుకు తిరిగేవాళ్లు. నార్ఫోక్‌లో అలా మోసిన పాదాలు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. తోలుకు గిరాకీ తగ్గాక వానపాములకు స్ట్రిక్నిన్ విషం పూసి సొరంగాల్లో వదిలే పద్ధతి మిగిలింది. అది 2006లో ఆగింది.

ఈలోగా మోల్‌ను చంపకుండా తెలుసుకునే పని మొదలైంది. 1950ల్లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు జిలియన్ గాడ్‌ఫ్రీ మోల్ తోకకు రేడియోధార్మిక ఉంగరం తొడిగి, పైన గైగర్ కౌంటర్ పట్టుకుని, నేల కింద దాని దినచర్యను గమనించింది. నాలుగైదు గంటలు పని, ఆపైన కునుకు; పగలూ రాత్రీ తేడా లేదు. ఇక 1978లో లెస్ స్టాకర్ ఐల్స్‌బరీలోని తన ఇంట్లో గాయపడ్డ అడవి ప్రాణులకు వైద్యం మొదలుపెట్టాడు. అదే పెరిగి సెయింట్ టిగ్గీవింకిల్స్ ఆసుపత్రి అయింది.

మోల్‌కు సాయం చేయాలంటే ఈ దినచర్య తెలిసి తీరాలి. కొన్ని గంటలు తిండి లేకపోతే దాని ప్రాణం పోతుంది. రోజుకు తన బరువులో సగం దాకా తినాలి. అందుకే పెట్టెలో ముందు లోతుగా వదులు మట్టి పోసి, వానపాములు వేస్తారు. చేతి తొడుగు లేకుండా పడితే కరుస్తుంది. పిల్లి పంటి గాటు పైకి కనిపించకపోయినా చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి యాంటీబయాటిక్ తప్పదు. కళ్లు తెరవని పిల్లలను బతికించడం మరీ కష్టం. వేసవిలో గడ్డి మీద తిరిగే పిల్లలన్నీ అనాథలు కావు; తల్లి సొరంగం వదిలి సొంత చోటు వెతుక్కునే వయసు వాటిది. కోలుకున్నదాన్ని దొరికిన చోటే వదలాలి. పరాయి సొరంగంలోకి పోతే అక్కడి మోల్ ఊరుకోదు.

చట్టం మాత్రం రెండు పడవల మీద ఉంది. అడవి క్షీరదాలను కొట్టి, నలిపి, ముంచి హింసించడం 1996 నుంచి నేరం. ఉచ్చులో ప్రాణంతో చిక్కిన మోల్‌కు 2006 నాటి జంతు సంక్షేమ చట్టం రక్ష. అయినా స్ప్రింగు ఉచ్చులకు ప్రభుత్వ ఆమోదం ఉండాలన్న నిబంధన నుంచి మోల్ ఉచ్చులకు 1958లో ఇచ్చిన మినహాయింపును ఆ రెండు చట్టాలూ రద్దు చేయలేదు.