బెల్టుకు కట్టిన కెమెరా

1965 డిసెంబరు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఊరూరా క్రిస్మస్ హడావిడి. బుద్ధిమాంద్యులను ఉంచే ఓ ప్రభుత్వ శరణాలయంలోకి ఇద్దరు అడుగుపెట్టారు. ఒకాయన బర్టన్ బ్లాట్, బోస్టన్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్య ప్రొఫెసర్. పక్కన ఫొటోగ్రాఫర్ ఫ్రెడ్ కప్లాన్. కప్లాన్ బెల్టుకు చిన్న కెమెరా, దాన్ని కప్పుతూ కోటు. ప్రొఫెసర్ అక్కడి ఉద్యోగులను మాటల్లో పెట్టాలి, ఆ సందు చూసుకుని కప్లాన్ మీట నొక్కాలి. కంటికి ఆనించి చూసే వీల్లేదు. ఫ్రేములో ఏం పడుతోందో అంచనా మీద పోవలసిందే.

తాళం తీస్తే ఇంకో తాళం. దుర్వాసన ముందు ముక్కును తాకుతుంది, మనుషులు తర్వాత కనిపిస్తారు. పెద్దవాళ్ల వార్డుల్లో ఒంటి మీద బట్ట లేనివాళ్లు, చేసేందుకు ఏమీ లేక గోడలకు ఆనుకుని కూర్చున్నవాళ్లు. పసిపిల్లల గదుల్లో ఒకదానికొకటి ఆనించి వేసిన ఊచల మంచాలు. వాటిలో ఏడాది, రెండేళ్ల పిల్లలు. ఆడుకోవడానికి ఒక్క బొమ్మ లేదు. ఒకచోట మూసిన తలుపు వెనక నుంచి చిన్న గొంతు పిలిచింది: వచ్చి తనతో ఆడమని, తనను ముట్టుకోమని. తలుపు తీస్తే వట్టి నేల మీద నలభై మందికి పైగా పసివాళ్లు పాకుతున్నారు.

బ్లాట్‌కు ఈ దొంగచాటు పని ఎందుకు? అంతకు కొద్ది నెలల ముందు సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలాంటి శరణాలయాలు చూసి మండిపడ్డారు. చుట్టపుచూపుగా వచ్చి ఏం తెలుసుకున్నారని అధికారులు కొట్టిపారేశారు. మాటను తోసిపుచ్చవచ్చు, ఫొటోను తోసిపుచ్చడం కష్టం. నాలుగు శరణాలయాల్లో తీసిన చిత్రాలు 1966లో ‘క్రిస్మస్ ఇన్ పర్గెటరీ’ పుస్తకంగా వచ్చాయి. ఆ నాలుగింటి పేర్లు అందులో లేవు. పేరు పెట్టి రాసింది ఒక్క కనెక్టికట్‌లోని సీసైడ్ కేంద్రం గురించే, అదీ పిల్లలను మనుషులుగా చూసుకునే చోటుగా. పేర్లు దాచడం పిరికితనమన్నవాళ్లు ఉండవచ్చు. నా మటుకు అది తెలివైన పనే: పేరు రాసి ఉంటే నేరం ఆ నలుగురు సూపరింటెండెంట్ల నెత్తికి చుట్టి, మిగతా దేశం చేతులు దులుపుకునేది. అయితే ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లను ఎవరూ అనుమతి అడగలేదు. ఆ ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంటుంది.

1967లో ‘లుక్’ పత్రిక ఈ సంగతులు అచ్చువేశాక ఇంటింటా తెలిసింది.

బ్లాట్ వృత్తిరీత్యా ఫొటోల మనిషి కాదు. న్యూయార్క్ బడుల్లో ప్రత్యేక తరగతి పిల్లలకు పాఠాలు చెప్పి, పెన్సిల్వేనియా స్టేట్‌లో డాక్టరేట్ చేశారు. ప్రత్యేక తరగతిలో కూర్చున్న పిల్లలు మామూలు తరగతిలోని అలాంటి పిల్లల కన్నా చదువులో ముందేమీ లేరని అప్పుడే గమనించారు. ఆయనను జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఒక్కటే: తెలివి పుట్టుకతో ఖరారైపోతుందా, నేర్పితే పెరుగుతుందా? బోస్టన్‌లో ఉండగా పేదవాడల బడి ఈడు రాని పిల్లల మీద ఫ్రాంక్ గార్ఫంకెల్‌తో కలిసి ఒక ప్రయోగం చేశారు. శిక్షణ ఇచ్చిన పిల్లలకూ ఇవ్వనివాళ్లకూ తేడా తేలలేదు. మరొకరైతే ఆ కాగితాలను అటకెక్కించేవారు. ఈయన 1969లో వాటిని పుస్తకంగా వేశారు, నమ్మకాన్ని మాత్రం వదల్లేదు. బొమ్మ కూడా లేని మంచంలో పడుకోబెట్టి, ఈ బిడ్డకు ఏమీ రాదని తేల్చే హక్కు ఎవరికుందన్నది ఆయన వాదం. బెల్టు కెమెరా వెనక ఉన్నది ఈ వాదమే.

1969లోనే సిరాక్యూజ్ విశ్వవిద్యాలయానికి మారారు. 1971లో అక్కడ ‘సెంటర్ ఆన్ హ్యూమన్ పాలసీ’ నెలకొల్పారు, తర్వాత అక్కడి విద్యా కళాశాల డీన్ అయ్యారు. వికలాంగ పిల్లలందరికీ ఉచిత విద్య హక్కు ఇచ్చే కేంద్ర చట్టం 1975లో వచ్చింది. బ్లాట్ ఆ శరణాలయాలను మళ్లీ చూసి వచ్చి 1979లో సహచరులతో మరో పుస్తకం రాశారు. రద్దీ తగ్గింది, గోడలకు రంగులు పడ్డాయి. ఖాళీగా కూర్చున్న మనుషులు అలాగే ఉన్నారు. బాగుచేయమని ఆయన ఇక అడగలేదు. ఖాళీ చేయించమన్నారు.